బట్వాడా చేసినవాడిపైనా కేసేనా?

2024 అక్టోబర్ మూడో వారం నుంచి యూరప్, అమెరికాలలోని పలు సర్వర్ల అద్దె సంస్థలకు ఒకే తరహా ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆ సంస్థల ఖాతాదారులు నడుపుతున్న యంత్రాల నుంచి ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడేందుకు ప్రయత్నాలు జరుగుతున్నాయన్నది వాటి సారాంశం. ఆరోపణకు గురైన యంత్రాలకు ఒక పోలిక ఉంది. అవన్నీ టోర్ అనే అజ్ఞాత సమాచార వ్యవస్థ కోసం స్వచ్ఛందంగా నడుస్తున్న రిలేలు. కొందరు నిర్వాహకులకు వివరణ కోరుతూ నోటీసులు అందాయి. మరికొందరి యంత్రాలను అద్దె సంస్థలు ముందు ఆపివేసి, తరువాత కారణం అడిగాయి.

నిర్వాహకులు తమ యంత్రాలను శోధించగా వాటి నుంచి అలాంటి ప్రయత్నమేదీ జరిగిన జాడ కనిపించలేదు. అయితే ఒక విచిత్రం బయటపడింది. తాము ఎన్నడూ పంపని అభ్యర్థనలకు ఎక్కడెక్కడి కంప్యూటర్ల నుంచో తిరస్కార సమాధానాలు మాత్రం వచ్చి పడుతున్నాయి. ఉత్తరం రాయని ఇంటికి జవాబు ఉత్తరాలు వస్తున్నాయంటే, ఎవరో ఆ ఇంటి చిరునామాను కవరు మీద వేసి పోస్టు చేస్తున్నారన్న మాట. జరిగింది సరిగ్గా అదే. ఎవరో రిలేల ఐపీ చిరునామాలను దొంగగా వాడుకుని, పసిగట్టి ఫిర్యాదు చేసే స్వభావం గల నిఘా యంత్రాలకే ఏరికోరి ఆ అభ్యర్థనలు పంపారు. యంత్రాలు ఫిర్యాదు చేశాయి, యంత్రాలే ఆ ఫిర్యాదులను అద్దె సంస్థలకు చేరవేశాయి. శిక్ష మాత్రం మనుషులకు పడింది. స్వచ్ఛంద నిర్వాహకులు, భద్రతా పరిశోధకులు కలిసి మూలాన్ని వెదికి పట్టుకోవడంతో నవంబర్ 7న ఆ దాడి ఆగిపోయింది.

ఈ ఉదంతం కేవలం సాంకేతిక నిపుణులకు పరిమితమైనది కాదు. ఐపీ చిరునామాను మనిషితో సమానంగా చూసే అలవాటు ఎంత ప్రమాదకరమో అది చెబుతున్నది. ఆ అలవాటు అత్యంత బలంగా వేళ్లూనుకున్న దేశాలలో భారతదేశం ఒకటి.

టోర్ అంటే ఏమిటో కొంత వివరించవలసి ఉంది. 1990 దశకం మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనా ప్రయోగశాలలో పుట్టిన ఆలోచన ఇది. ఉల్లిపాయ పొరల మాదిరిగా సందేశానికి ఒకదానిపై మరొకటిగా సంకేత రక్షణ కల్పించి, మూడు రిలేల మీదుగా పంపడం దీని మూలసూత్రం. మొదటి రిలేకు పంపినవారు ఎవరో తెలుసు, గమ్యం తెలియదు. చివరి రిలేకు గమ్యం తెలుసు, పంపినవారు ఎవరో తెలియదు. నడిమి రిలేకు ఆ రెండూ తెలియవు. 2002లో ఈ వ్యవస్థ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 2006లో దీని నిర్వహణకు అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. గూఢచారుల అవసరానికి పుట్టినదాన్ని సామాన్యులకు ఎందుకు ఇచ్చారన్న సందేహం సహజమే. జవాబు చాలా సులభం. గూఢచారులు మాత్రమే వాడే మార్గంలో కనిపించిన ప్రతివాడూ గూఢచారి అని తేలిపోతుంది. గుంపు ఉంటేనే గోప్యత.

2024 నాటికి ప్రపంచవ్యాప్తంగా ఏడెనిమిది వేల రిలేలు పనిచేస్తున్నాయి. వీటిని నడిపేవారికి జీతం లేదు. విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, చిన్న సంఘాలు, సొంత డబ్బుతో సర్వర్ అద్దెకు తీసుకున్న వ్యక్తులు ఈ భారం మోస్తున్నారు. రిలేలలో అధిక భాగం జర్మనీ, అమెరికా, నెదర్లాండ్స్ వంటి కొద్ది దేశాలలోనే పోగుపడి ఉంది. ఇది వ్యవస్థకు బలహీనతే. ఒక సందేశం ప్రవేశించే చోటునూ బయటపడే చోటునూ ఒకే ప్రభుత్వం గమనించగలిగితే, రెండు చోట్ల కదలికల సమయాన్ని పోల్చి పంపినవారిని ఊహించడం సాధ్యమవుతుంది. కనుక రిలేల సంఖ్య ఎంత ముఖ్యమో అవి వేర్వేరు దేశాలలో ఉండటమూ అంతే ముఖ్యం. సాఫ్ట్‌వేర్ నిపుణులకు పేరుపడ్డ దక్షిణాసియా ఈ పటంలో దాదాపు ఖాళీగా కనిపిస్తుంది.

ఇందుకు సాంకేతిక కారణాలు లేకపోలేదు. రిలేకు బయటి ప్రపంచం నేరుగా చేరుకోగల ఐపీ చిరునామా తప్పనిసరి. మన దేశంలో అనేక బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు వందలాది ఇళ్లకు కలిపి ఒకే బహిరంగ చిరునామా కేటాయిస్తున్నాయి. అపార్టుమెంటు మొత్తానికి గేటు దగ్గర ఒకే పోస్టు డబ్బా ఉండి, ఫ్లాటు నంబర్లు వాచ్‌మన్‌కు తెలియకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. లోపలివారు రాసిన ఉత్తరం బయటికి వెళుతుంది, దానికి జవాబూ వస్తుంది. కానీ కొత్తవారు పంపిన ఉత్తరం ఎవరికి ఇవ్వాలో తెలియక తిరిగిపోతుంది. రిలే పనే కొత్తవారి ఉత్తరాలు అందుకోవడం. ఇంట్లో యంత్రం బాగానే ఉంటుంది, సాఫ్ట్‌వేరూ సరిగానే ఉంటుంది. బయటి నుంచి చేరుకోలేకపోతున్నామన్న సందేశం మాత్రం పదే పదే కనిపిస్తుంది. ప్రత్యేక చిరునామా కోసం అదనంగా చెల్లించడమో, అద్దె సర్వర్‌కు మారడమో తప్ప మార్గం లేదు.

తరువాతి చిక్కు పరిమాణానిది. సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో నిరంతరం పనిచేసే రిలే నెలకు సుమారు 3,200 గిగాబైట్లు అందుకుని, అంతే మొత్తం బయటికి పంపుతుంది. మన దేశంలోని పలు బ్రాడ్‌బ్యాండ్ పథకాలలో నెలకు 3,300 గిగాబైట్లు దాటితే వేగం పడిపోతుంది. అంటే నెల సగం గడిచేసరికే కోటా చెల్లిపోతుంది. నెలసరి హద్దు విధించుకుని, అది దాటితే రిలే తనంతట తానే నిద్రలోకి జారుకునే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఇంటి రౌటర్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఏకకాలంలో వేలాది సంబంధాలను నిలబెట్టవలసి వచ్చినప్పుడు చవక రౌటర్లు చేతులెత్తేస్తాయి. నెపం రిలే మీద పడుతుంది.

కొత్త నిర్వాహకులను అన్నిటికంటే నిరుత్సాహపరిచేది మాత్రం యంత్ర దోషం కానే కాదు. రిలే మొదలైన తొలి మూడు రోజులు దాని సామర్థ్యాన్ని ఎవరూ కొలిచి ఉండరు కనుక రాకపోకలు నామమాత్రంగా ఉంటాయి. ఆ తరువాత కొలతలు జరిగి రద్దీ పెరుగుతుంది. ఎనిమిదో రోజు ప్రాంతంలో, నిలకడగా ఉన్న రిలేకు ప్రవేశ ద్వారంగా పనిచేసే అర్హత లభిస్తుంది. విచిత్రమేమంటే అర్హత లభించిన వెంటనే రద్దీ తగ్గుతుంది. నడిమి రిలేగా వాడుకోవడం తగ్గించి, ప్రవేశ ద్వారంగా దాన్ని ఎంచుకునే వారి కోసం వ్యవస్థ చోటు వదిలిపెడుతుంది. వాడుకరులు తమ ద్వారాన్ని తరచు మార్చరు. కనుక ఆ చోటు నిండడానికి వారాలు పడుతుంది. పూర్తి స్థాయికి చేరేసరికి రెండు నెలలు దాటుతుంది. ఈలోగా ఏదో చెడిపోయిందనుకుని నిర్వాహకులు యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెడుతుంటారు. నిలకడే అర్హతకు కొలమానమైన చోట అది కాలు తానే నరుక్కోవడం. యంత్రాన్ని మార్చేటప్పుడు గుర్తింపు తాళాల ఫైళ్లను భద్రపరచుకోని వారిది మరో దురవస్థ. రెండేళ్లు నడిచిన రిలే ఆ పూట నుంచి మళ్లీ పసిబిడ్డే.

ఇవన్నీ ఓపికతో తీరే ఇబ్బందులు. తీరనిది ఫిర్యాదు. అందులోనూ అసలు బరువు మోసేది చివరి రిలే. టోర్ ద్వారా ఎవరు ఏ వెబ్‌సైట్‌ను చేరినా అక్కడ నమోదయ్యేది ఆ రిలే చిరునామాయే. తిట్టు రాసినా, చొరబాటుకు ప్రయత్నించినా, బెదిరింపు పంపినా నోటీసు వచ్చేది దాని యజమానికే. ఈ కారణంగానే అనుభవజ్ఞులు ఇంటి కనెక్షన్ మీద చివరి రిలే నడపవద్దని గట్టిగా చెబుతారు. నడిమి రిలేకు ఆ భయం లేదు. ఎందుకంటే అది వెబ్‌సైట్లను నేరుగా తాకదు. కానీ రిలేల జాబితా బహిరంగమైనది కావడంతో, ఆ తేడా తెలియని కొన్ని వెబ్‌సైట్లు జాబితా మొత్తాన్నీ నిషేధిస్తాయి. ఇంట్లో నడిమి రిలే నడిపేవారికి తమ బ్యాంకు ఖాతా తెరుచుకోకపోవడం కద్దు.

భారతదేశంలో ఈ ప్రమాదం ఊహాజనితం కాదనడానికి రెండు పాత ఉదంతాలు చాలు. వాటికి టోర్‌తో సంబంధం లేదు. 2007లో ఒక సామాజిక వెబ్‌సైట్‌లో శివాజీని కించపరిచే చిత్రాలు వెలువడిన కేసులో పుణే పోలీసులు బెంగళూరుకు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని అరెస్టు చేశారు. ఇంటర్నెట్ సంస్థ అందజేసిన ఐపీ చిరునామా వివరాలు తప్పు అని తేలేసరికి అతడు సుమారు 50 రోజులు జైలులో గడిపాడు. మరుసటి ఏడాది జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వెలువడిన ఉగ్రవాదుల ఈ-మెయిల్, నవీ ముంబయిలో నివసిస్తున్న ఒక అమెరికా పౌరుని ఐపీ చిరునామా నుంచి వెళ్లినట్లు తేలింది. అతని ఇంటి వైఫైకి సరైన రక్షణ లేకపోవడంతో ఎవరో దాన్ని వాడుకున్నారు. అతడు రోజుల తరబడి ప్రశ్నలను, పత్రికల పతాక శీర్షికలను ఎదుర్కొన్నాడు. తెలియక తలుపు తెరిచి ఉంచినవారి పరిస్థితే ఇదైతే, తెలిసి తలుపు తెరిచినవారి మాటేమిటి?

చట్టం ఈ ప్రశ్నకు సూటిగా జవాబివ్వదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షన్ మధ్యవర్తులకు రక్షణ కల్పిస్తున్నది. సందేశాన్ని తాను మొదలుపెట్టక, గ్రహీతను ఎంపిక చేయక, సారాన్ని మార్చక, కేవలం చేరవేసేవాడు ఇతరుల సమాచారానికి బాధ్యుడు కాడన్నది దాని తాత్పర్యం. రిలే చేసే పనిని ఇంతకన్నా చక్కగా వర్ణించడం కష్టం. మార్గాన్ని ఎంచుకునేది వాడుకరి యంత్రమే తప్ప రిలే కాదు. అయితే ఆ రక్షణ తగిన జాగ్రత్తలు పాటించాలన్న షరతుతో ముడిపడి ఉంది. జీతం లేని, కార్యాలయం లేని, వాడుకరి ఎవరో తెలిసే అవకాశమే లేని ఒక వ్యక్తికి ఆ జాగ్రత్తలు ఏమిటన్నది ఎక్కడా రాసి లేదు.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం జారీ చేసిన ఆదేశాలు గందరగోళాన్ని మరింత పెంచాయి. వీపీఎన్ సంస్థలు, డేటా కేంద్రాలు, సర్వర్లు అద్దెకిచ్చే సంస్థలు ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, వారికి కేటాయించిన ఐపీల వంటి వివరాలను అయిదేళ్లపాటు భద్రపరచాలని ఆ ఆదేశాలు నిర్దేశించాయి. యంత్రాల చిట్టాలను 180 రోజులు ఉంచాలన్నాయి. ఇష్టం లేనివారు దేశం నుంచి వెళ్లిపోవచ్చని అప్పటి సహాయమంత్రి రాజీవ్ చంద్రశేఖర్ తేల్చి చెప్పారు. పలు విదేశీ వీపీఎన్ సంస్థలు ఆ ఏడాదే తమ సర్వర్లను భారత్ నుంచి ఎత్తివేశాయి. డబ్బున్న సంస్థలు సింగపూర్‌కో, లండన్‌కో మారిపోగలవు. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఒక అద్దె సర్వర్ మీద రిలే నడపదలచిన ఇంజనీరింగ్ విద్యార్థి ఎక్కడికి వెళ్లాలి? ఆ ఆదేశాలలో టోర్ ప్రస్తావన లేదు. ప్రస్తావన లేకపోవడాన్ని అనుమతిగా భావించే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

పోలీసుల ఇబ్బందిని తక్కువ చేసి చూడనక్కరలేదు. 2024 మే 1న ఢిల్లీ పరిసరాల్లోని వందకు పైగా పాఠశాలలకు బాంబు బెదిరింపు ఈ-మెయిళ్లు వచ్చినప్పుడు తల్లిదండ్రులు పడిన ఆందోళన నిజమైనది. అజ్ఞాత మార్గాలలో మాదకద్రవ్యాల విక్రయం, పిల్లలపై అకృత్యాల చిత్రాల చలామణి సాగిన మాటా వాస్తవమే. రిలే నిర్వాహకులందరూ సాధువులే అని చెప్పడానికీ వీలులేదు. 2007లో స్వీడన్‌కు చెందిన ఒక నిపుణుడు అయిదు చివరి రిలేలు నడిపి, వాటి మీదుగా సంకేత రక్షణ లేకుండా వెళుతున్న ఈ-మెయిల్ పాస్‌వర్డులను సేకరించి సుమారు వంద ఖాతాల వివరాలు బహిరంగపరిచాడు. వాటిలో భారత రాయబార కార్యాలయాల ఖాతాలూ ఉన్నాయి. 2020లో ఒక ముఠా చివరి రిలేల సామర్థ్యంలో దాదాపు నాలుగో వంతును గుప్పిట్లో పెట్టుకుని బిట్‌కాయిన్ లావాదేవీలను దారి మళ్లించేందుకు ప్రయత్నించింది. దాన్ని కనిపెట్టి గెంటివేసిందీ తోటి స్వచ్ఛంద నిర్వాహకుల నిఘాయే. మంచివారు భయపడి తప్పుకుంటే ఖాళీ అయిన చోటు ఎవరితో నిండుతుందో ఊహించవచ్చు.

రిలే నిర్వాహకుని అరెస్టు వల్ల నేరస్థుడు దొరకడన్నది మరో వాస్తవం. అతని వద్ద చిట్టాలు లేవు. ఉన్నా వాటిలో కనిపించేది పక్కనున్న మరో రిలే చిరునామాయే. ‘సిల్క్ రోడ్’ అనే మాదకద్రవ్యాల అంగడిని నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్ 2013లో పట్టుబడటానికి దారితీసిన ఆధారాలలో ఒకటి, అతడు గతంలో అసలు పేరుతో ఉన్న ఈ-మెయిల్‌ను ఒకచోట ఇవ్వడం. మన దేశంలోనూ 2025 జూన్‌లో పలు రాష్ట్రాలకు బాంబు బెదిరింపులు పంపారన్న ఆరోపణపై చెన్నైకి చెందిన ఒక మహిళా ఇంజనీరును అహ్మదాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. గుర్తింపు దాచుకునే సాధనాలను వాడినా చిన్న పొరపాటు ఆమెను పట్టిచ్చిందన్నది పోలీసుల కథనం. రెండు చోట్లా పనిచేసింది సంప్రదాయ దర్యాప్తే.

విదేశాల అనుభవం రెండు రకాలుగానూ ఉంది. 2017 ఏప్రిల్‌లో మాస్కోలో ఇంటి నుంచి చివరి రిలే నడుపుతున్న ఒక గణిత అధ్యాపకుణ్ని ఉగ్రవాదానికి పిలుపునిచ్చాడన్న ఆరోపణపై నిర్బంధించారు. మూడు నెలలకు పైగా జైలు, ఆపై గృహనిర్బంధం అనుభవించాక 2018లో అభియోగాలు ఉపసంహరించుకున్నారు. జర్మనీలో చివరి రిలేలు నడిపే ‘ఆర్టికెల్ 5’ అనే సంఘంపై 2024 ఆగస్టులో పోలీసుల సోదా జరిగింది. అటువంటి సోదా వారికి అది మొదటిది కాదు. సంఘాన్ని రద్దు చేయాలా అని సభ్యులు సమావేశమై చర్చించుకుని, చివరకు కొనసాగించాలని నిర్ణయించారు. ఇందుకు భిన్నమైనది అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, లెబనాన్ పట్టణంలోని కిల్టన్ గ్రంథాలయం అనుభవం. 2015 వేసవిలో ఆ గ్రంథాలయం రిలే ప్రారంభించింది. అంతర్గత భద్రతా శాఖ ఉద్యోగి ఒకరు పంపిన ఈ-మెయిల్ స్థానిక పోలీసులకు చేరడం, వారు గ్రంథాలయంతో మాట్లాడటం, రిలే ఆగిపోవడం వెంటవెంటనే జరిగాయి. సెప్టెంబర్ 15న గ్రంథాలయ పాలకవర్గ సమావేశానికి పట్టణవాసులు తరలివచ్చి మద్దతు పలికారు. రిలే మళ్లీ మొదలైంది. గ్రంథాలయోద్యమం పుట్టి పెరిగిన నేలపై ఉన్నవారికి ఈ కథ కొత్తగా తోచదు.

ఇంతకూ ఈ వ్యవస్థ ఎవరికి పనికివస్తుంది? పూర్తిగా ఇంటర్నెట్ నిలిపివేసినప్పుడు ఎవరికీ పనికిరాదు. 2019 ఆగస్టులో కాశ్మీర్‌లో, 2024 జూలైలో బంగ్లాదేశ్‌లో తీగలే తెగిపోయిన రోజులలో ఏ రిలే ఏమీ చేయలేకపోయింది. కానీ సంపూర్ణ నిలిపివేత ఎంతోకాలం సాగదు. ఆపై వచ్చేది ఎంపిక చేసిన నిషేధాల దశ. 2020 జనవరిలో కాశ్మీర్‌లో కొన్ని వందల వెబ్‌సైట్లకే అనుమతి ఇచ్చారు. మరుసటి నెలలో వీపీఎన్‌లు వాడి సామాజిక మాధ్యమాలలో రాసినవారిపై ఉగ్రవాద నిరోధక చట్టమైన ఉపా కింద కేసు నమోదైంది. పాకిస్థాన్‌లో 2024 ఫిబ్రవరి ఎన్నికల తరువాత ఎక్స్ వేదికపై నెలల తరబడి నిషేధం సాగింది. అలాంటి దశలోనే వార్త పంపవలసిన విలేకరికి, పై అధికారుల అవినీతిని బయటపెట్టదలచిన గుమాస్తాకు, రోగం పేరు ఇంట్లో తెలియకుండా వెదుక్కునే అమ్మాయికి ఈ మార్గం అక్కరకు వస్తుంది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ హక్కును ఆచరణలో మోసే యంత్రాలలో ఒక్కటైనా నడిపే పౌరునికి రక్షణ ఏమిటో ప్రభుత్వం చెప్పలేదు.

కేంద్రం చేయవలసినది పెద్ద సంస్కరణేమీ కాదు. 2022 ఆదేశాలు స్వచ్ఛంద రిలేలకు వర్తించవని ఒక వివరణ జారీ చేస్తే చాలు. వీపీఎన్ సంస్థల విషయంలో అదే ఏడాది మే నెలలో ప్రశ్నోత్తరాల రూపంలో వివరణ ఇచ్చిన బృందానికి ఇది కష్టం కాబోదు. రెండోది పోలీసులకు సంబంధించినది. ఫలానా ఐపీ చిరునామా ఫలానా తేదీన టోర్ రిలేగా పనిచేసిందా లేదా అన్నది ఎవరైనా చూసుకునేందుకు టోర్ సంస్థ ఏళ్ల తరబడి ఒక ఉచిత సదుపాయం నడుపుతున్నది. చిరునామా, తేదీ ఇస్తే నిమిషంలో జవాబు వస్తుంది. అరెస్టుకు ముందు ఆ పరిశీలన జరపాలని హోంశాఖ పరిధిలోని సైబర్ నేరాల సమన్వయ కేంద్రం రాష్ట్రాల సైబర్ విభాగాలకు ఒక సర్క్యులర్ పంపవచ్చు. అందుకు పార్లమెంటు అనుమతి అక్కరలేదు, బడ్జెట్ కేటాయింపూ అక్కరలేదు.